విశాఖ చెరువులు, గెడ్డల పరిశోధనకు పాత పటాలు ఎక్కడ వెతకాలి, ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖపట్నం చుట్టుపక్కల చెరువులు, గెడ్డలు (చిన్న ఏర్లు), ఉప్పు చిత్తడి నేలలు గత నూరేళ్లలో ఎలా మారాయో మీరు పరిశోధిస్తున్నారు. ఇంటర్నెట్టులో దొరికిన పాత పటాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. వాటిలో దేన్ని నమ్మాలో, ఇంకా ఎక్కడ వెతకాలో, నేలలు, భూ వినియోగం చూపే విషయ పటాలను వాటితో ఎలా కలపాలో తెలుసుకోవాలనుకుంటున్నారు. చాలా ఏళ్లుగా ఈ జిల్లా పటాలతోనే పని చేస్తున్నాను కనుక నా పద్ధతి ఏమిటో వివరంగా రాస్తాను.

ముందుగా సూటి సమాధానం. ఒక్క పటాన్ని నమ్మి వంద సంవత్సరాల మార్పును రాయవద్దు. మీ పనికి కనీసం మూడు రకాల ఆధారాలు కావాలి: సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలు, ఏర్లు, ఊళ్లు చూపే పటాలు: మైలుకు అంగుళం కొలతతో గీసిన పాత అంగుళం పటాలు, ఇప్పటి 1:50,000 షీట్లు), రెవెన్యూ శాఖ గ్రామ పటాలు, వాటితోపాటు ఉండే ఎఫ్‌ఎంబీలు (ఒక్కో సర్వే నంబరు కొలతలు రాసిన పుస్తకాలు), చివరగా 1960ల నుంచి దొరికే ఉపగ్రహ చిత్రాలు. విషయ పటాలు వీటి తర్వాతనే. ఈ ఆధారాల్లో దేన్ని చేతిలోకి తీసుకున్నా మొదట అడగవలసినది ఆ పటం ఎప్పుడు అచ్చయింది అని కాదు, అందులోని నేలను ఎప్పుడు కొలిచారు అని. మీ పటాలు పొసగకపోవడానికి కారణం చాలావరకు ఇక్కడే దొరుకుతుందని నా అనుభవం.

దీనిని కొంచెం విప్పి చెబుతాను. టోపోషీటు అంచులో సర్వే చేసిన సంవత్సరం, అచ్చయిన సంవత్సరం, కొన్నిసార్లు సవరించిన సంవత్సరం వేరువేరుగా ఉంటాయి. పాత షీట్లలో పక్కపక్క భాగాలను వేరువేరు కాలాల్లో కొలిచినట్లు చూపే చిన్న సూచిక బొమ్మ కూడా ఉంటుంది. మన ఓడరేవు 1933 అక్టోబరులో పనిచేయడం మొదలుపెట్టింది, ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అంతకుముందు అక్కడ ఉన్నది ఉప్పుటేరు, దాని వెనుక పడమటివైపు పరుచుకున్న చిత్తడి. ఇప్పుడు ఒక షీటు 1940లలో పునర్ముద్రణ పొంది, దాని సర్వే మాత్రం ఓడరేవు తవ్వకానికి ముందుదైతే, అందులో చిత్తడి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అచ్చు తేదీని చూసి "1940లలో కూడా చిత్తడి ఇలాగే ఉంది" అని రాస్తే పరిశోధన మొత్తం దారి తప్పుతుంది. సిద్ధాంత వ్యాసాల ముసాయిదాలు చూడమని వచ్చే విద్యార్థులలో చాలామంది పటం మధ్యభాగాన్ని మాత్రమే కత్తిరించి దాచుకుని ఉంటారు. ప్రాణమంతా ఉన్న అంచు పోతుంది. దయచేసి పటం స్కాన్ చేసినా, డౌన్‌లోడ్ చేసినా అంచులతో సహా దాచుకోండి.

మీ షీట్లు ఏవి? విశాఖ ప్రాంతం 65-ఓ డిగ్రీ షీటులో వస్తుంది, అంటే 83 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం, 17 నుంచి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం. దానిని పదిహేను నిమిషాల చదరాలుగా 16 ముక్కలు చేస్తారు, అంకెలు వాయవ్య మూల నుంచి కిందికి నడుస్తాయి. పాత పట్నం, ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ 65 ఓ/6లో ఉంటాయి. మధురవాడ, భీమిలి 65 ఓ/5లో, గాజువాక 65 ఓ/2లో, పెందుర్తి 65 ఓ/1లో పడతాయి. 83 డిగ్రీల 15 నిమిషాల రేఖ ఓడరేవుకు కొద్దిగా పడమరగా వెళుతుంది. అందువల్ల ఓడరేవు వెనుక చిత్తడి, మేఘాద్రిగెడ్డ ప్రవాహం రెండు షీట్లకు పంచుకుపోతాయి. ఆ రెండు షీట్ల సర్వే సంవత్సరాలు ఒకటే కాకపోతే, అతికించిన చోట గెడ్డ తెగినట్లో, వంకర తిరిగినట్లో కనిపిస్తుంది. దానిని ప్రకృతిలో వచ్చిన మార్పుగా రాయకండి.

2005 జాతీయ పటాల విధానం తర్వాత సర్వే ఆఫ్ ఇండియా రక్షణ అవసరాలకు ఒక శ్రేణిని, ప్రజలకు ఓపెన్ సిరీస్ అనే మరో శ్రేణిని వేరు చేసింది. ఓపెన్ సిరీస్ 1:50,000 షీట్లను ఆ సంస్థ పోర్టల్ నుంచి నమోదు చేసుకుని దింపుకోవచ్చు. ఆ కొత్త శ్రేణికి షీటు సంఖ్యలు వేరుగా ఉంటాయి (మనది ఇ44తో మొదలవుతుంది), కనుక పాత, కొత్త సంఖ్యలు రెండూ మీ నోటుపుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. తీర ప్రాంతపు పాత షీట్లు చాలాకాలం రెస్ట్రిక్టెడ్ ముద్రతో ఉండేవి. విశ్వవిద్యాలయ విభాగాల్లో అలాంటివి కనిపిస్తే మీ గైడు ద్వారా అనుమతి తీసుకునే వాడాలి, ఫోనుతో ఫొటో తీసి పంచుకోకూడదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగోళశాస్త్ర విభాగాన్ని, వి.ఎస్. కృష్ణ గ్రంథాలయాన్ని మొదట కలవండి. ఊళ్లోనే ఉన్న వనరును వదిలి విదేశీ వెబ్‌సైట్ల వెంట పడటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

విదేశీ సేకరణలు అనవసరమని దీని అర్థం కాదు. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం అమెరికా సైనిక పటాల సంస్థ వేసిన 1:2,50,000 షీట్లను (యు502 శ్రేణి) ఉచితంగా ఉంచింది. స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న డేవిడ్ రమ్సీ సేకరణలో 18వ శతాబ్దపు పటకర్త రెన్నెల్ కాలం నుంచి వచ్చిన అట్లాసుల పటాలు మంచి స్పష్టతతో దొరుకుతాయి. ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్ అనే సైటు ఏ పటం ఏ గ్రంథాలయంలో ఉందో ఒకేచోట చూపిస్తుంది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో పటాలకు వేరే వరుస ఉంది. భీమిలి మీద పని చేసేవారు నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవును కూడా చూడాలి, డచ్చివారి కోఠీ (వర్తక స్థావరం) అక్కడ ఉండేది కనుక. వెతికేటప్పుడు ఈనాటి అక్షరక్రమంతో ఆగిపోకూడదు. పట్నానికి విజగపటం, భీమిలికి బిమ్లిపటం, శ్రీకాకుళానికి చికకోల్ అని ఆంగ్లేయులు రాసిన రూపాలన్నింటితో వెతకండి.

అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. 18, 19 శతాబ్దాల అట్లాసు పటాలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ మీ ప్రశ్నకు అవి పెద్దగా పనికిరావు. దేశమంతటినీ కొన్ని షీట్లలో చూపే పటంలో ఒక చెరువు ఉందా లేదా అన్న ప్రశ్నకే చోటు లేదు. నౌకా పటాలదీ ఇంచుమించు అదే సంగతి. వాటిలో తీరరేఖ, లోతులు శ్రద్ధగా కొలిచినవే (పాతవాటిలో లోతులు ఫాథంలలో, అంటే ఆరేసి అడుగుల లెక్కలో ఉంటాయి), కానీ తీరం దాటి లోపలికి వెళితే నావికుడికి కనిపించే కొండ, గుడి, దీపస్తంభం తప్ప మిగిలినది అంత శ్రద్ధగా గీసినది కాదు. ఉప్పుటేరు ముఖద్వారం మార్పులకు వాటిని వాడండి, గెడ్డలకు వద్దు.

మీ పనికి అసలైన నిధి గ్రామ పటాల్లో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామ పటాలను మైలుకు 16 అంగుళాల కొలతతో గీశారు. అంటే పటం మీద ఒక అంగుళం నేల మీద 330 అడుగులు, అయిదు గొలుసులు. అంగుళం పటంలో చుక్కగానైనా కనిపించని ఊరబంద (ఊరి చిన్న చెరువు) ఇక్కడ గట్టు, అలుగు, కాలువతో సహా కనిపిస్తుంది. ప్రతి సర్వే నంబరుకు ఎఫ్‌ఎంబీలో ఒక నక్ష ఉంటుంది. పాత నక్షల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి: వంద లింకులు ఒక గొలుసు, అది 66 అడుగులు, లక్ష చదరపు లింకులు ఒక ఎకరం. కనుక గట్టు పొడవును, చెరువు వైశాల్యాన్ని మీరే లెక్కగట్టవచ్చు. దీనికి జతగా ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్లవారీగా భూమి వివరాలు రాసే రెవెన్యూ రిజిస్టరు) చూస్తే ఆ నంబరును ఏ పేరుతో రాశారో తెలుస్తుంది. చెరువు పోరంబోకు, గెడ్డ పోరంబోకు అని రాసి ఉన్న నంబర్లను ఒక జాబితాగా తీసి, గ్రామ పటం మీద నీలిరంగు వేసుకుంటే ఆ ఊరి నీటి వ్యవస్థ మొత్తం ఒక్కసారిగా కళ్ల ముందు నిలుస్తుంది. ఏ చెరువు నిండి ఏ చెరువులోకి పారేదో, చివరకు ఏ గెడ్డలో కలిసేదో అర్థమవుతుంది. మధురవాడ వైపు కానీ, పెందుర్తి వైపు కానీ ఒక్క గ్రామానికి ఈ పని పూర్తిగా చేసి చూడండి. పది అట్లాసులు తిరగేసినా రాని అవగాహన వస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. పటంలో కనిపించలేదంటే నేల మీద లేదని కాదు. 1:63,360 పటంలో, అంటే అంగుళం పటంలో, ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 63 మీటర్లు. గ్రామ పటంలో ఉన్న చిన్న బంద అంగుళం పటంలో లేకపోతే, "ఈ రెండు సర్వేల మధ్య తవ్వారు" అనో "పూడ్చారు" అనో రాయలేము. అంగుళం పటం గీసినవాడు దానిని వదిలేసి ఉండవచ్చు. ఉన్నదానిని సాక్ష్యంగా తీసుకోండి. లేనిదానిని సాక్ష్యం చేయాలంటే అదే కొలతలో మరో పటం కావాలి.

గ్రామ పటాలకు కలెక్టరేట్ రికార్డు గది, సర్వే, భూరికార్డుల శాఖ జిల్లా కార్యాలయం మీ దారి. విభాగాధిపతి సంతకంతో లేఖ, గ్రామాల జాబితా, కావలసిన సర్వే నంబర్లు ముందే రాసుకుని వెళితే పని నడుస్తుంది. "పాత పటాలన్నీ చూపించండి" అని అడిగితే ఎవరూ చూపించలేరు. మన జిల్లాలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి ఊళ్లలో చాలా భాగం విజయనగరం వంటి జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతనే ఆ ఊళ్లకు రైత్వారీ (రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి) సెటిల్‌మెంటు రికార్డులు తయారయ్యాయి. కనుక కృష్ణా, గోదావరి రైత్వారీ గ్రామాలకు దొరికేంత పాత రికార్డు ప్రతి ఊరికీ ఆశించవద్దు. మరోవైపు 2020 చివరలో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే పట్టిక సంపాదించకుండా రెండింటినీ పోల్చడం మొదలుపెట్టకండి.

1953 అక్టోబరు వరకు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు ఒకసారి వెళ్లక తప్పదు. అక్కడ పటాలు అన్నీ పటాలుగా జాబితాలో ఉండవు. రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సులో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో, ఒక చెరువు మరమ్మతు గురించిన కాగితాల మధ్య మడతపెట్టి కుట్టేసి ఉంటాయి. అందువల్ల పటం కోసం కాక, ఆ చెరువు, ఆ గెడ్డ, ఆ రోడ్డు గురించిన ఫైలు కోసం సూచికలు వెతకాలి. 1869 నాటి కార్మైకేల్ జిల్లా మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీరు ముందే చదువుకుని వెళితే ఏ ఊరి పేరు పట్టుకుని వెతకాలో తెలుస్తుంది. ఇలాంటి పుస్తకాల స్కానింగు ప్రతుల్లో వెనుక ఉన్న మడత పటాన్ని విప్పకుండానే స్కాన్ చేసి ఉండటం చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు కాగితపు ప్రతి ఉన్న గ్రంథాలయాన్ని వెతకడమే మార్గం.

తేదీ లేని పటం దొరికితే వదిలేయకండి. లోపలి గుర్తులే కాలాన్ని చెబుతాయి. వాల్తేరుకు రైలుమార్గం లేకపోతే అది 1890ల మధ్య నాటికన్నా ముందటి సర్వే. రాయపూర్ వైపు వెళ్లే మార్గం విజయనగరం నుంచి పూర్తిగా కనిపిస్తే 1931 తర్వాతది. కొరాపుట్, జయపురం మన జిల్లాలోనే ఉంటే 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా ఏర్పడటానికి ముందటి సరిహద్దు. శ్రీకాకుళం వేరు జిల్లాగా ఉంటే 1950 తర్వాత. ఈ గుర్తులు నేల వివరాలకు ఒక తేదీని, సరిహద్దులకు మరో తేదీని ఇవ్వవచ్చు. పాత ఫలకం మీద కొత్త సరిహద్దు మాత్రమే దిద్ది మళ్లీ అచ్చు వేయడం అప్పట్లో మామూలే.

ఇక పటాలను ఒకదానిపై ఒకటి పరచడం, అంటే జియోరెఫరెన్సింగ్. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేరు ఉచితం, ఈ పనికి సరిపోతుంది. మూడు విషయాలు మాత్రం గుర్తుంచుకోండి. ఒకటి, 1905కు ముందటి భారత సర్వే పటాల రేఖాంశాలు మద్రాసు వేధశాల పాత విలువపై ఆధారపడ్డాయి. వాటి నుంచి సుమారు 2 నిమిషాల 27 సెకన్లు తీసివేయాలి. మన అక్షాంశం దగ్గర అది దాదాపు 4.3 కిలోమీటర్లు, అంటే సవరించకపోతే వన్‌టౌన్ (పాత పట్నం) తీసుకెళ్లి సముద్రంలో పెట్టినట్లే. రెండు, పాత టోపోషీట్లు ఎవరెస్టు దీర్ఘగోళం (భూమి ఆకారానికి వాడిన పాత నమూనా), పాలీకోనిక్ ప్రక్షేపం (గోళాన్ని కాగితం మీద పరిచే ఒక పద్ధతి) మీద, ఓపెన్ సిరీస్ డబ్ల్యూజీఎస్84 (జీపీఎస్ వాడే నమూనా) మీద ఉంటాయి. సాఫ్ట్‌వేరులో పాత షీటుకు కలియాన్‌పూర్ 1975 అనే నమూనా ఎంచుకుని, తర్వాత మార్చండి. మూడు, గుర్తు బిందువులుగా కొండ శిఖరాలు, సింహాచలం గుడి, పాత చర్చిలు, రైలు కట్టను రోడ్డు దాటే చోట్లు తీసుకోండి. ఏటి మలుపులు, తీరరేఖ, చెరువు అంచు తీసుకోవద్దు. మీరు కొలవాలనుకుంటున్న మార్పు అక్కడే ఉంది, దానినే స్థిర బిందువుగా పెడితే ఆ మార్పు లెక్కలో మాయమైపోతుంది. సరిచేసిన తర్వాత సాఫ్ట్‌వేరు చూపే సగటు దోషం 40 మీటర్లు ఉంటే, 40 మీటర్లకన్నా చిన్న మార్పు గురించి ఒక్క వాక్యం కూడా రాయకూడదు. ఈ నియమాన్ని నేను ఎవరి కోసమూ సడలించను.

ఉపగ్రహ చిత్రాలకు వస్తే, 1960 నుంచి 1972 వరకు అమెరికా తీసిన కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలను 1995లో బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వారి ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో ముందే స్కాన్ అయినవి ఉచితంగా దింపుకోవచ్చు, కానివాటికి రుసుము కట్టాలి. ఉక్కు కర్మాగారానికి, నగర విస్తరణకు ముందటి విశాఖను చూడటానికి వీటిని మించినవి లేవు. 1972 నుంచి లాండ్‌శాట్ ఉంది, కానీ తొలి చిత్రాల్లో ఒక్కో చుక్క దాదాపు 80 మీటర్లు కనుక చిన్న చెరువులకు పనికిరాదు. ఇందులో నెల చాలా ముఖ్యం. నవంబరు చిత్రంలో నిండుగా ఉన్న చెరువు మే చిత్రంలో పశువులు మేసే బీడు. వేరువేరు సంవత్సరాలను పోల్చేటప్పుడు ఒకే కాలపు చిత్రాలు తీసుకోండి, ఆ ఏడాది వానలు ఎలా కురిశాయో కూడా చూసుకోండి. టోపోషీటులో మాత్రం నీరున్న భాగం నీలంగా, ఎండిపోయే ఏరు నల్ల గీతగా ఉంటుంది. ఆ తేడాను గమనించకుండా అన్నింటినీ "నీటి వనరులు" అని ఒకే పొరలో గీసేవారిని చూస్తుంటాను.

విషయ పటాల సంగతి. భూ వినియోగానికి ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భువన్ వెబ్‌సైటు, శిలలకు జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) వారి భూకోశ్ వెబ్‌సైటు, నేలలకు నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ, జిల్లా స్థాయి పటాలకు 1956లో కోల్‌కతాలో ఏర్పడిన జాతీయ అట్లాసు సంస్థ నాట్మో. జనాభా విషయాలకు జనగణన అట్లాసులు, జిల్లా జనగణన పుస్తకాలు. ఇవన్నీ మంచివే, కానీ వీటిలో ప్రతి పటమూ ఎవరో కొన్ని తరగతులు నిర్ణయించి, చిన్నవాటిని పెద్దవాటిలో కలిపేసి గీసినది. 1:50,000 భూ వినియోగ పటంలో రెండు మిల్లీమీటర్ల చదరం అంటే నేల మీద ఒక హెక్టారు. అంతకన్నా చిన్న బంద పక్కనున్న పొలంలోనో, ఇళ్లలోనో కలిసిపోయి ఉంటుంది. 1:2,50,000 నేలల పటాన్ని పెద్దది చేసి ఒక గ్రామానికి వాడటమైతే అసలు తగదు.

జనగణన పటాలు వాడితే సరిహద్దులు చూడండి. "విశాఖపట్నం జిల్లా" అని 1941లో, 1951లో, 1981లో, 2022 తర్వాత రాసినవి నాలుగూ నాలుగు వేరు ప్రాంతాలు. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. 1980ల మధ్యలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. జిల్లా మొత్తాలను పోల్చకుండా, గ్రామాల స్థాయికి దిగి, ఒకే గ్రామాల గుంపును అన్ని దశాబ్దాలకూ కూడుకోండి. శ్రమ ఎక్కువే, కానీ వేరే దారి లేదు.

చివరగా ప్రచురణ. ప్రతి పటానికి షీటు సంఖ్య, కొలత, సర్వే సంవత్సరం, అచ్చు సంవత్సరం, ఎక్కడ చూశారు, ఆర్కైవు ఫైలు సంఖ్య, డౌన్‌లోడు తేదీ రాయండి. మీరే తిరిగి గీసిన పటమైతే దేని నుంచి ఏ వివరం తీసుకున్నారో పటం కిందే చెప్పండి. దేశ సరిహద్దు కనిపించే బొమ్మ ఏదైనా ఉంటే అది సర్వే ఆఫ్ ఇండియా పటానికి సరిపోవాలి. 1961 నాటి చట్ట సవరణ ప్రకారం, అలా సరిపోని పటాన్ని ప్రచురించడం శిక్షార్హం. పాత విదేశీ అట్లాసు పుటను అలాగే వ్యాసంలో పెట్టేముందు ఈ విషయం మీ గైడుతో మాట్లాడండి. మీరు ఎంచుకున్న గ్రామాల పేర్లు, దొరికిన షీట్ల అంచుల్లో ఉన్న సర్వే సంవత్సరాలు ఇక్కడ రాస్తే, వాటిలో ఏ రెండింటిని పోల్చవచ్చో, ఏవి పోల్చకూడదో చూసి చెబుతాను.